మా ఊరి స్కౌట్ దళం చరిత్ర కోసం ఫిల్మ్‌నగర్ దాకా

సిద్దిపేట దగ్గర మా ఊళ్ళో ఒక స్కౌట్ దళం ఉంది. దాని చరిత్రను చిన్న పుస్తకంగా వేద్దామని, ఇప్పుడు దళాన్ని నడిపిస్తున్న నరసింహ సార్ అడిగారు. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని కదా, కాదనలేకపోయాను. అంతా రాశాక ఒక్క వాక్యం దగ్గర ఆగాను: "నాయకురాలు సుగుణ సినిమాల్లోకి వెళ్ళిపోవడంతో బాలికల దళం మూతపడింది." చిన్నప్పటి నుంచి విన్నమాటే. కానీ ఎవరిని అడిగినా "అట్లనే అంటరు" అన్నారు తప్ప చూశామన్నవాళ్ళు లేరు. ఈ ఏడు బాలికల దళం మళ్ళీ పెడదామని సార్ ఇల్లిల్లూ తిరిగితే, తల్లులు ఈ మాటే చెప్పి ఆడపిల్లల్ని పంపేది లేదన్నారట. అచ్చులో కూడా పడితే ఇక దానికి తిరుగుండదు. ప్రెస్సుకు ఇచ్చేలోగా సుగుణక్కను చూడాలనుకున్నాను. ఆమె మా పెద్దక్క లక్ష్మి ఈడుది. ఇద్దరూ ఆ దళంలోనే ఉండేవాళ్ళు.

పొద్దున ఆరింటి బస్సెక్కితే తొమ్మిదిలోపు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగాను. పక్కనే పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్. అక్కడ ఎక్కితే రైలు మారే పని లేకుండా యూసుఫ్‌గూడలో దిగొచ్చు. అక్కడి నుంచి కృష్ణానగర్‌కు నడిచే వెళ్ళాను. సుగుణక్క ఉండే మేడ ఇరుకు సందులో ఉంది. మెట్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఇంటావిడ ఆమె పొద్దుగాల్నే పట్టుచీర కట్టుకుని వెళ్ళిందనీ, ఫిల్మ్‌నగర్‌లో గుడి వెనక బంగళాలో పెళ్ళి సీను తీస్తున్నారనీ చెప్పింది. ఆటో నూట యాభైకి ఒప్పుకున్నాడు. చెక్‌పోస్ట్ దాటి జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే, "షూటింగ్ చూడనీకా మేడం, యాక్టింగ్ చెయ్యనీకా?" అని అడిగాడు. మా ఊరామెను కలవడానికన్నాను. "అందరు గదే అంటరు" అన్నాడు అద్దంలో నన్ను చూస్తూ.

బంగళా గేటు దగ్గర లోపలికి రానివ్వలేదు. భోజనాల వేళ దాకా ఎదురుగా చెట్టునీడన నిలబడ్డాను. ఇంత దూరం వచ్చి ఏమడుగుతాను? నువ్వు తప్పు చేశావా అనా? తిరిగి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. ఇంతలో గిల్టు నగలూ జరీ చీరలతో ఓ ఇరవై మంది ఆడవాళ్ళు బయటి షామియానా కిందికి వచ్చారు. అందులో ఒకామె నన్ను తేరిపార చూసి, "నువ్వు లక్ష్మి చెల్లెవు గదా?" అంది. సుగుణక్కే. వడ్డిస్తున్న వంటాయన నా చేతిలోనూ ప్లేటు పెట్టి, "పెళ్ళికొచ్చి తినకుండా ఎలా వెళ్తారండీ" అన్నాడు.

పక్కపక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నాక ఆ వాక్యం చదివి వినిపించాను. ఆమె చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"దళం పోయినంకనే నేను పోయిన" అంది.

అప్పట్లో ఊళ్ళో పెట్టిన స్కౌట్ క్యాంపు ఆఖరి రోజున జిల్లా నుంచి వచ్చిన శిక్షకుడు ఆరుగురు ఆడపిల్లలకూ అభినందనగా చెయ్యి కలిపాడట. స్కౌట్లు ఎడమచెయ్యే కలుపుతారు, ఎక్కడైనా అదే పద్ధతి. చూడవచ్చిన ఊరివాళ్ళకు అది తెలియదు. పరాయి మగవాడు ఆడపిల్లల చేతులు పట్టాడు, అదీ ఎడమచెయ్యి. పెద్దలు పంచాయితీ పెట్టి, పిల్లల మెడలోని స్కార్ఫులు తెచ్చి ఇమ్మన్నారు.

"ఆరు స్కార్ఫులు నేనే ఉతికి, మడతపెట్టి అప్పజెప్పిన. నేను ముందే పోతే గవి ఎవరిచ్చిన్రు?"

పట్నంలో సినిమా బట్టలు కుట్టే పిన్ని దగ్గరికి పనికి వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలంలోనట.

ఆమెను నమ్మాలని ఉంది. ఆ కోరిక మీదే నాకు అనుమానం కలిగింది. అక్కడి నుంచే పెద్దక్కకు ఫోన్ చేసి స్కార్ఫుల సంగతి అడిగాను.

"నిజమే. నాది గూడ ఆమెనే ఉతికింది."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదక్కా?"

"అందరు సుగుణ పేరే తీస్తుంటే మా అయిదుగురి పేర్లు ఎవరు తియ్యలే. మాకు సంబంధాలొచ్చినయి. గట్లనే పోనీ అనుకున్నం."

సుగుణక్క చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. మంచీచెడూ అడిగింది, పిల్లల గురించి అడిగింది. తర్వాత వింటూ ఉండిపోయింది. చివరికి, "ఏడ్వకు లక్ష్మీ. నాకు మొకానికి మేకప్ ఉన్నది" అంది.

ఏం రాయమంటావని అడిగాను. "సినిమాలల్ల ఉన్ననని రాయి, దాచేదేమున్నది. నా వల్ల దళం పోయిందని రాయకు. ఆడపిల్లలు చేరాలె." పెళ్ళికూతురి తరఫువాళ్ళు రావాలమ్మా అని లోపలి నుంచి ఎవరో కేక వేశారు. చెయ్యి కడుక్కుని, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

తిరుగు మెట్రోలో ఆ వాక్యం కొట్టేసి, జరిగింది జరిగిన వరసలో రాశాను. బస్సులో ఉండగా పెద్దక్కే ఫోన్ చేసి, ఇది చెప్పింది తనేనని పుస్తకంలో పేరు పెట్టమంది. బావకు చెప్పావా అంటే, అచ్చయినాక చదువుకుంటాడులే అంది. ఒక పేజీ మారినంత మాత్రాన తల్లులు పిల్లల్ని పంపుతారని నేను అనుకోవడం లేదు. ఎడమచెయ్యి వాళ్ళకు ఈరోజుకీ ఎడమచెయ్యే. వద్దంటే వద్దననీ, ఆ మాటను ఇకమీద సుగుణక్క మీద పెట్టి అనలేరు. మీరూ ఇలా సినిమా పనిలో ఉన్న మీ ఊరివాళ్ళను వెతుక్కుంటూ వస్తే, పొద్దున ఇంటికి వెళ్ళి లాభం లేదు. షూటింగ్ ఎక్కడో కనుక్కుని ఒంటిగంటకు ముందే చేరండి. దొరికేది భోజనం చేసేంత సమయమే, అసలు అడగాల్సింది ముందే అడిగెయ్యండి.