ఎటియెన్ గారి ద్రాక్ష సీసా

మగ్గిపోయిన నల్లద్రాక్ష వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులకు చెమటలు పడతాయి. మొన్న రంజాన్ నెలలో, సౌదీలోని అల్ ఖోబర్‌లో మా వీధి చివర సూపర్ మార్కెట్లో, అడుగుపళ్ళు నలిగి రసం కారుతున్న ద్రాక్ష పెట్టె ఒకటి పక్కకు తీసి పెట్టారు. ఆ తీపీ పులుపూ కలిసిన వాసన ముక్కుకు తగలగానే సామాన్ల బండి అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఉద్యోగం పేరుతో పెరిగిన ఊరికే తిరిగొచ్చి, సొంతంగా కారు నడుపుకుంటున్న మనిషిని, ఒక పండుకు జడిసి పారిపోవడమేమిటని నవ్వొచ్చింది గానీ, సామాన్ల కోసం మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

నా చిన్నప్పుడు మేమున్నది ఈ ఊళ్ళోనే, మూడంతస్తుల పాత ఇంట్లో కింది వాటా. నాన్న జుబైల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, సాయంత్రానికి ఇనుప వాసనతో ఇంటికొచ్చేవారు. ఏసీ నీళ్ళు బొట్లుబొట్లుగా రాలే సందులో నేనూ అన్నయ్యా తొక్కుడుబిళ్ళ ఆడుకోవడం, ఇసుక గాలి లేచిన రోజున అమ్మ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కడం, ఎంత కుక్కినా అన్నంలో పంటికింద ఇసుక కరకరలాడటం, మసీదు నుంచి నమాజు బాంగు వినపడగానే దుకాణాల షట్టర్లు ఒకటొకటిగా దిగడం, ఇవే మా రుతువులు, మా గడియారాలు. దేవుళ్ళు బీరువాలో అమ్మ పట్టుచీరల మధ్య ఉండేవారు. అగరొత్తుల వాసన బయటికి పోతుందని దీపం ఒక్కటే వెలిగించి, వినాయకచవితి కథ కూడా గుసగుసగా చదివేవారు నాన్న. మన దేశంలో పిల్లలు బూచికి భయపడేవారేమో గానీ, మాకు 'ఎగ్జిట్' అనే మాట చాలు. దేశం విడిచి పొమ్మనే ఆ ముద్ర పాస్‌పోర్టు మీద పడితే నాన్న ఉద్యోగం, మా బడి, సొంతూళ్ళో బాబాయిల చదువులు, అన్నీ ఒక్కరోజులో ఆగిపోతాయని మాకు తెలుసు.

కోనసీమ నుంచి అమ్మ తనతోపాటు రెండు అలవాట్లు తెచ్చుకుంది. మంచి గాజుసీసా కనిపిస్తే పారేయదు. ఎవరైనా ఏదైనా పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపదు. ఏమీ లేకపోతే శాస్త్రానికి చిటికెడు పంచదారైనా వేసి పంపాల్సిందే. ఖాళీ గిన్నె పంపితే ఇచ్చినవాళ్ళ ఇంటికీ పుచ్చుకున్నవాళ్ళ ఇంటికీ మంచిది కాదనేది.

నాన్నతో పనిచేసే ఎటియెన్ అనే ఫ్రెంచి ఆయన నెలకోసారైనా మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. అమ్మ పులిహోరంటే ఆయనకు మహా ఇష్టం. బోర్డో దగ్గర ఒక పల్లెలో వాళ్ళకు తాతముత్తాతల నాటి ద్రాక్షతోట ఉందట. ఇంటిపేరే తోటపేరు, ఆ పేరంటే వాళ్ళ దేశంలో పెద్ద గౌరవమట. గులకరాళ్ళ నేలలో ద్రాక్ష వరసలు, ప్రతి వరస మొదట్లో ఒక గులాబీ మొక్క, తెగులు వస్తే ముందు గులాబీకే తెలుస్తుందని. నేలకింద చీకటి కొట్లలో పెద్దపెద్ద చెక్కపీపాలు, వాటిలో ఎర్రటి రసం ఏళ్ళ తరబడి మాగడం. వాళ్ళ నాయనమ్మ అత్తరు పూసుకున్న వాళ్ళను ఆ కొట్టు గడప తొక్కనిచ్చేది కాదట. ఆయన యాస ఇంగ్లీషు నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. నాన్న తెలుగులో చెప్పిందే వినేదాన్ని.

"మా అత్తగారూ అంతేనండి, ఆవకాయ జాడీ దరిదాపుల్లోకి తడిచెయ్యి రానిచ్చేవారు కాదు," అని అమ్మ మురిసిపోయింది. ఆ రసాన్ని తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన వేస్తారని చెప్పేసరికి మాత్రం "ఛీ, పాడు!" అని చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అసలు ద్రాక్ష అలా ఎలా మారుతుందని అన్నయ్య అడిగితే ఎటియెన్ గారు నవ్వి, మేం చేసేదేమీ లేదు, ఆ శక్తి తొక్క మీదే ఉంటుంది, నలిపి వదిలేస్తే ద్రాక్షే పొంగి పని చేసుకుంటుంది అన్నారు.

ఆయన ఉద్యోగం ముగిసి వెళ్ళిపోతూ అమ్మకొక ఖాళీ సీసా ఇచ్చారు. ఆయన పుట్టిన ఏడాది వాళ్ళ తోటలో నింపిన సీసా, ఇల్లు వదిలి వస్తున్నరోజు తండ్రి దాన్ని తెరిచారట. గుర్తుగా చొక్కాల్లో చుట్టుకుని తెచ్చుకున్నారు, ఎయిర్‌పోర్టులో ఎలా దాటిందో దేవుడికే తెలియాలి. ముదురాకుపచ్చ గాజు, నిటారు భుజాలు, మీద కాగితంపై కోటలాంటి ఇంటి బొమ్మ. అమ్మ దాన్ని చింతపండుతో తోమి, బొమ్మ తడవకుండా తుడిచి, వంటింటి గూట్లో అందరికీ కనిపించేలా పెట్టింది.

మరుసటి రంజాన్ వచ్చింది. పై వాటాలో ఇంటి యజమాని అబూ ఖాలిద్ గారి కుటుంబం. ఆయన ముసలి తల్లిని మేం 'పై మామ్మగారు' అనేవాళ్ళం. ఉపవాసం విడిచే వేళకు ముందే ఆవిడ మాకు సమోసాల్లాంటి సంబూసాలూ, బెల్లపు పాకం రంగులో మెరిసే గోధుమ తీపి ఉండలూ పింగాణీ గిన్నెలో పంపేది. ఆ వారం నాన్న బజారు నుంచి పెట్టెడు నల్లద్రాక్ష తెచ్చారు. అమ్మ వాటిని చేత్తో నలిపి, పంచదార కలిపి, పలుచటి గుడ్డలో వడగట్టింది. ఫ్రిజ్‌లో చోటులేక సగం ఎటియెన్ గారి సీసాలో, సగం స్టీలు గిన్నెలో పోసి గట్టు మీదే ఉంచింది. రెండోరోజు సాయంత్రం పై నుంచి గిన్నె రాగానే, "మంచివాళ్ళకి మంచి గాజులోనే ఇవ్వాలి," అంటూ కడిగిన గిన్నెలో సీసాను నిలబెట్టి పట్టుకుని మెట్లెక్కింది. మామ్మగారు సీసాను వెలుతురుకు ఎత్తి ఆ రంగు చూసి మురిసిపోయి తన బుగ్గ నిమిరిందని చెబుతూ దిగింది.

నేను మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్తే స్టీలు గిన్నెలో మిగిలిన రసం మీద నురుగు కట్టి ఉంది. చిన్నచిన్న బుడగలు చిటచిటమంటూ పైకొస్తున్నాయి. ద్రాక్షే పొంగుతుందన్న మాట గుర్తొచ్చి, సరదాగా, అప్పుడే బూట్లు విప్పుతున్న నాన్నను చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించాను. ఆయన వాసన చూశారు. గూట్లోకి చూశారు.

"సీసా ఏదే?"

"మామ్మగారికి ఇచ్చి వచ్చానండీ, రసం పోసి," అంది అమ్మ.

నాన్న వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చారు. "అది వైను సీసానే. ఫ్రాన్సులో పేరున్న వైను. దాని మీద రాసే ఉంది."

"మీరే కదండీ ద్రాక్షరసం సీసా అన్నారు?"

"నిజం చెప్తే నువ్వు ఇంట్లోకి రానిస్తావేంటే?"

ఇన్నాళ్ళూ ఎటియెన్ గారు వైను అన్నచోటల్లా నాన్న మాకు 'రసం' అనే చెప్పారు. మడీ ఆచారమూ గల భార్య అతిథి ముందు ముఖం చిట్లిస్తుందని ఆయన భయం. ఆ చిన్న భయానికి ఇప్పుడు పెద్ద భయం పుట్టింది. ఈ దేశంలో, ఈ నెలలో, ఉపవాసమున్న ఇంటికి వైను సీసాలో పులిసిన ద్రాక్ష పంపాం. పోలీసుల్ని పిలిస్తే ముందు జైలు, తర్వాత ఎగ్జిట్.

అప్పుడే పొద్దుగూకిన వేళ మగ్రిబ్ బాంగు మొదలైంది. రోజూ ఆ వేళ వీధి సద్దుమణిగితే నాకు హాయిగా ఉండేది, ఆ రోజు మాత్రం పై వాటాలో కుర్చీ జరిగినా ఉలిక్కిపడ్డాను. వాళ్ళిప్పుడు ఖర్జూరం తింటున్నారు, ఇప్పుడు గ్లాసులు పెట్టుకుంటున్నారు, ఇప్పుడు మూత తీస్తున్నారు అని నలుగురం కప్పు వైపే చూస్తూ కూర్చున్నాం. నాన్న స్టీలు గిన్నెలోది సింకులో పారబోసి కుళాయి తిప్పి వదిలేశారు. అమ్మ దేవుడి పటాలను చీరల మధ్య నుంచి తీసి బియ్యం బస్తాలోకి దింపింది. దేవుణ్ణి దాచేస్తే మనల్ని ఎవరు చూస్తారని అడగబోయి, అమ్మ మొహం చూసి నోరు మూసుకున్నాను.

తలుపు చప్పుడైంది. అబూ ఖాలిద్ గారే. ఒక చేతిలో వార్తాపత్రికలో చుట్టిన సీసా, ఇంకో చేతిలో ఖర్జూరాల పళ్ళెం.

"మా అమ్మ గ్లాసులో పోసింది. నేను వాసన చూసి ఆపాను," అన్నారు ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "నేను బయటి దేశంలో చదువుకున్నాను, ఆ బొమ్మ నాకు తెలుసు. తెలియక చేశారనీ తెలుసు. కానీ ఈపాటికి మా తమ్ముడు వచ్చి ఉంటే నా మాట వినేవాడు కాదు." సీసా నాన్న చేతిలో పెట్టి, "మమ్నూ," అన్నారు. నిషేధం. తర్వాత ఖర్జూరాల పళ్ళెం అమ్మకు అందించి వెళ్ళిపోయారు.

ఆయన మంచితనం మా భయాన్ని తీర్చలేకపోయింది. నాన్న సీసాను తువ్వాల్లో చుట్టి సుత్తితో కొట్టారు. తాతముత్తాతల తోట, కోటలాంటి ఇల్లు, ఎటియెన్ గారు పుట్టిన ఏడాది, అన్నీ తువ్వాల్లో గరగరలాడాయి. ఊడిన కాగితాన్ని గ్యాస్ పొయ్యి మీద కాల్చారు. ఆ తర్వాత ఏ విదేశీ స్నేహితుడూ మా ఇంట్లో భోంచేయలేదు. బండి ఏదైనా వీధిలో ఆగితే నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయేవారు. పై మామ్మగారు ఎప్పటిలాగే గిన్నె పంపేది. అమ్మ దాన్ని కడిగి, తుడిచి, తలదించుకుని ఖాళీగా ఇచ్చి వచ్చేది. కొన్నాళ్ళకు పై నుంచి గిన్నెలు రావడం మానేశాయి.

ఆ ఇల్లు పడగొట్టేశారు, అక్కడిప్పుడు ఫార్మసీ ఉంది. మామ్మగారు, ఎటియెన్ గారు ఏమయ్యారో తెలియదు. మొన్న మార్కెట్ నుంచి ఇంటికొచ్చేసరికి ఎదురువాటా టీచరమ్మ, నవ్వుమొహం సౌదీ అమ్మాయి, గిన్నెతో సంబూసాలు ఇచ్చి వెళ్ళింది. విశాఖలో అన్నయ్య దగ్గరున్న అమ్మకు ఫోన్లో చూపించి, సేమ్యా పాయసం పోసి పంపుతానన్నాను.

"వద్దు తల్లీ. కడిగేసి ఖాళీగా ఇచ్చెయ్."

"రోజులు మారాయమ్మా."

"మారనీ. నా మాటిను."

గిన్నె కడిగి తుడిచాను. మనసొప్పక, చిటికెడు పంచదార వేశాను. తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, ఆ పంచదారను సింకులోకి దులిపేశాను.