టీచరమ్మ చూసిన తెల్ల కాకి

1983లో బోయిగూడలోని ఒక చిన్న ఫోటో స్టూడియోలో నేను రీటచర్‌ని. ఫోటోల మీద మచ్చలు చెరిపేయడం నా పని. నెగెటివ్‌లో తెలుపు నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపును సన్నని కత్తితో గీకేస్తే ప్రింట్‌లో తెల్ల మచ్చ పోతుంది. గీకింది మాత్రం మళ్లీ రాదు.

ఒకరోజు తిరుమలగిరి నుంచి సుగుణమ్మగారనే రిటైర్డ్ టీచర్ ఫిల్మ్ రోల్ తెచ్చారు. గోడ మీద కాకులున్న ఫోటోను పెద్దది చేయమన్నారు. ప్రింట్ తీస్తే కాకుల మధ్య పెద్ద తెల్ల మచ్చ. ఫిల్మ్ కడిగింది నేనే. కెమికల్ మరక పడిందేమోనని భయపడి, ఓనర్ చూడకముందే గీకేశాను. కొత్త ప్రింట్‌లో అక్కడ ఇంకో నల్ల కాకి తేలింది. పని బాగా కుదిరిందని మురిసిపోయాను.

ఆమె వచ్చి ఫోటోను చాలాసేపు చూశారు.

"ఇందులో తెల్ల కాకి ఏది బాబూ?"

వారం రోజులు అది తమ గోడ మీద వాలిందట. చెబితే చుట్టుపక్కలవాళ్లు నవ్వారట. అందుకే కెమెరా అడిగి తెచ్చి ఫోటో తీశారు. ఆ తర్వాత అది కనిపించలేదు.

"తెల్లది ఏం లేదమ్మా. ఎండకు గట్ల కనబడ్డదేమో" అన్నాను.

"అయ్యుంటుందిలే" అని వెళ్లిపోయారు.

నెల తర్వాత పాస్‌పోర్ట్ సైజు ఫోటో కోసం వచ్చారు. కళ్ల డాక్టరుకు చూపించుకున్నారట. కళ్లు బాగానే ఉన్నాయన్నాడట. మరి బుర్రే చెడిందేమో అని నవ్వబోయి ఆగిపోయారు. ఇక నేను తట్టుకోలేకపోయాను.

"కాకి ఉండె టీచరమ్మా. మరక అనుకొని నేనే గీకేసిన. మీతోని అబద్ధం చెప్పిన."

ఆమె తిట్టలేదు. "ఫోటో పోతే పోయింది బాబూ. ఈ నెల్లాళ్లూ నన్ను నేనే నమ్మలేదు" అన్నారు. ఆదివారం చర్చి అయ్యాక తమ ఇంటికొచ్చి ఆ మాట నవ్వినవాళ్లందరి ముందూ చెప్పమని అడిగారు. వస్తానన్నాను.

వెళ్లాను కూడా. వరండాలో ఏడెనిమిదిమంది కూర్చుని ఉన్నారు. ఆమె గేటు వైపే చూస్తున్నారు. నేను వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పనిచేశాను. ఏ మచ్చనైనా ముట్టుకునే ముందు "ఇదేంది?" అని కస్టమర్‌ను అడిగేవాణ్ణి. ఆ జాగ్రత్త చూసి నన్ను మెచ్చుకున్నవాళ్లున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా తలదించుకున్నాను. ఆమె మళ్లీ మా స్టూడియోకు రాలేదు.