పెదాల పంతులమ్మ

మగ్గాల షెడ్డులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ పెదాల పంతులమ్మే. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కవాళ్లకు వినపడదు కాబట్టి ఆడవాళ్లంతా పెదాలు చూసుకునే మాట్లాడుకునేవారు. కొత్తగా చేరినవాళ్లకు ఆ విద్య నేర్పేది ఈవిడే. నాలుగు మగ్గాల అవతల ఎవరు ఎవర్ని ఆడిపోసుకుంటున్నారో ఇట్టే చెప్పేసేది. ఆమె కంటపడే చోట సూపర్‌వైజరు తనలో తాను తిట్టుకోవడానికి కూడా జంకేవాడు.

ఇంట్లో మాత్రం ఆమెకు మాట కరువైంది. తుంటి విరిగి మంచాన పడ్డ తల్లి ఆమెతో మాట్లాడటం మానేసింది. మిల్లు మానేసి తన దగ్గరుండమని తల్లి అడిగింది, ఇల్లెలా గడుస్తుందని ఈవిడ కసురుకుంది. డాక్టరు ఒకే పక్కన పడుకోమన్నాడని తల్లి గోడవైపు తిరిగింది, అంతే, ఇక ఉలుకూ పలుకూ లేదు. పగలు తోడుండే పక్కింటి పిన్ని "రోజంతా నీ గురించేనే దాని గోల" అన్నప్పుడు ఈవిడకు ఒళ్లు మండింది. అందరితో మాట్లాడుతుంది, కన్నకూతురే కానిదైపోయిందన్నమాట. పంతం తనకూ ఉందనుకుంది. తినిపించడం పిన్నికి వదిలేసింది. దుప్పటి మార్చేటప్పుడు కూడా తల్లి మొహంలోకి చూసేది కాదు. కానీ లోపల మాత్రం, అమ్మ ఈ కోపంతోనే పోతుందేమోనని ప్రాణం గిలగిల్లాడేది.

ఆ ఏడు మిల్లులో చెవి పరీక్షలు పెట్టారు. తన చెవులకేం, గుండ్రాయిలా ఉన్నాయని నవ్వుకుంటూ వెళ్లింది. గోడలకు మెత్తటి పరుపు అతికించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తలుపు మూశారు. లోపల కూడా మగ్గాల మోతే. షెడ్డు ఎక్కడో దూరంగా ఉంది, తలుపు జానెడు మందం, అయినా అదే చప్పుడు. కూత కోసం కాచుకుని కూర్చుంది. ఎంతకీ రాలేదు.

తలుపు తెరుచుకుంది. పరీక్ష చేసే అమ్మాయి వచ్చి, హెడ్‌ఫోన్లు తీసి, ఎదురుగా నిలబడింది. జలుబేమో, ఇందాక లేని మాస్కు ఇప్పుడు మూతికి ఉంది. ఒక్క ముక్క మాట్లాడకుండా ఆమెనే చూస్తోంది. మాస్కు మాత్రం మెల్లగా కదులుతోంది.

"ఏంటమ్మా అలా చూస్తావు? మొదలుపెట్టవా?"

అమ్మాయి మాస్కు కిందికి లాగింది. గొంతు వచ్చేసింది.

"అయిపోయిందండీ. ఇందాకటి నుంచీ అదే చెబుతున్నాను. మీరు ఒక్కసారి కూడా నొక్కలేదు."

మాస్కు మళ్లీ పెట్టుకుని మాట్లాడమంది పంతులమ్మ. గొంతు తెగిపోయింది. తీయమంది. వచ్చింది. ఇన్నాళ్లూ తను విన్నాననుకున్న గొంతులన్నీ కళ్లు అల్లిపెట్టినవే. ఆ ఆలోచన వెంటే గోడవైపు తిరిగిన తల్లి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరుగెత్తింది.

గుమ్మంలో పిన్ని ఏదో అడిగినా ఆగలేదు. మంచం ఇవతలికి లాగి, గోడ పక్క సందులో చతికిలబడి, తల్లి మొహానికి ఎదురుగా మొహం పెట్టింది. మంచం కదిలినా తల్లి కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం ఆడుతున్నాయి.

"మిల్లు మానొద్దులే. నేనింక అడగను. ఒక్కసారి పలకవే అమ్మాయీ."

పంతులమ్మ పలకబోయింది. ఆలోపే తల్లి కళ్లు మూసుకునే, గుటక మింగి, మళ్లీ మొదటినుంచీ అదే చెప్పడం మొదలుపెట్టింది.