కాగితాల కింద వెంట్రుక

వీధిలో అందరూ ఆయన్ని చేతుల డాక్టరు అనేవారు. మందులు రాయడు, సూది గుచ్చడు. ఆస్టియోపతీ నేర్చుకుని, పట్టేసిన మెడనీ వంగని నడుమునీ చేత్తోనే తడిమి, సవరించి పంపేవాడు. పసిపిల్లల దగ్గరైతే ఆ చేతులు ఆనీ ఆననట్టు ఉండేవి. మనిషి మాత్రం మహా కర్కోటకుడు. నొప్పి అన్నవాళ్ల మీద జాలి ఉండేది గానీ, తప్పు చేసినవాళ్ల మీద ఇసుమంతైనా ఉండేది కాదు.

శిష్యులకు ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. తలలోంచి వెంట్రుక పీకి కాగితాల బొత్తిలో దూర్చి, పైనుంచి వేళ్లతో తడిమి ఎక్కడుందో చెప్పమనేవాడు. అది ఆ విద్య నేర్చేవాళ్లంతా చేసేదే. ఆయన సొంత తెలివి ఇంకొకటి. అప్పుడప్పుడు వెంట్రుక పెట్టకుండానే పెట్టినట్టు నటించేవాడు. భయంతో ఎవరైనా "ఇక్కడుంది" అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. "తగలనిది తగిలిందని చెప్పే చెయ్యి రోగి మీద పడకూడదు" అని అక్కడికక్కడే పంపేసేవాడు.

కన్నకూతురికీ అదే చేశాడు. ఆ పిల్ల చెమటలు కక్కుతూ ఒక మూల చూపించింది. ఆయన కాగితాలు ఒక్కొక్కటే దులిపి, అందరి ముందూ పగలబడి నవ్వాడు. మర్నాటి నుంచి ఆమెను ముందు గదిలో ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లూ అక్కడే కూర్చుని వచ్చినవాళ్లను పేరుపేరునా పలకరించి లోపలికి పంపుతోంది. ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. దానికి రోషం లేదని ఆయన తేల్చేసుకున్నాడు.

ఇప్పుడు ఆయన వేళ్ల చివర్లు మొద్దుబారాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకోవాలి. ఈ సంగతి చచ్చినా ఒప్పుకోడు. మొన్న ఒక పసివాడి మెడ మీద ఎంత నొక్కుతున్నాడో తెలియకుండానే నొక్కాడు. మర్నాడు తల్లి బిడ్డను తెచ్చి కమిలిన చర్మం చూపించింది. "ఎత్తుకోవడం చేతకాక నామీదికి వస్తావేంటమ్మా?" అని కసిరి పంపాడు. ఆమె కళ్లనీళ్లతో ముందు గది దాటుతుంటే కూతురు చూసింది.

ఆ పూటే కూతురు కాగితాల బొత్తితో లోపలికి వచ్చింది. శిష్యులిద్దరూ అక్కడే ఉన్నారు.

"ఇందులో వెంట్రుక ఎక్కడుందో చెప్పండి నాన్నా. చెప్పగలిగితే ఆ తల్లి కాళ్లావేళ్లా పడి నేనే సర్దిచెబుతాను. చెప్పలేకపోతే మీరింక ఎవరినీ ముట్టుకోకూడదు."

"నాకా పరీక్ష? నీకేమైనా మతిపోయిందా?"

"ఏం, భయమా?"

కాదంటే శిష్యుల ముందు పరువు పోతుంది. కూర్చున్నాడు. కళ్లు మూసుకుని తడిమాడు. ఏమీ లేదు. మళ్లీ తడిమాడు. కాగితం నునుపు కూడా తెలియడం లేదు. లేనిది వెంట్రుకా, వేళ్లలో ప్రాణమా? తేల్చుకునే దారి లేదు.

అప్పుడు తను ఆనాడు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఇవాళ కక్ష తీర్చుకుంటోంది, ఇంకేముంది! రోషం లేదనుకున్నది తన పొరపాటు. తన రక్తమే కదా, తనలాగే ఆలోచిస్తుంది. కూతురి మీద మొదటిసారి గర్వం కూడా కలిగింది.

"నా దగ్గరేనా నీ ఎత్తులు! నువ్వసలు పెట్టనే లేదుగా!" అన్నాడు నవ్వుతూ.

కూతురి మొహం పాలిపోయింది. అన్నిటికంటే పైనున్న కాగితం ఒక్కటే ఎత్తింది. కింద పొడవాటి నల్లటి వెంట్రుక. ఆయన వేళ్లు అప్పటిదాకా దాని మీదే ఉన్నాయి.

"మీరు ఓడిపోకూడదనే పైన పెట్టాను నాన్నా. బాగా తగలాలని ముడి కూడా వేశాను. మీరు నాకు చేసింది మీకు చెయ్యాలని నాకు తోచనే లేదు."

శిష్యుల్లో ఒకడు తల దించుకున్నాడు. ఇంకొకడు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. అలా నవ్వడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఎప్పుడూ ఎవరినీ బతిమాలని మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"పోనీ, ముందు గదిలో కూర్చుంటానే. ఫోనన్నా ఎత్తుతాను."

కూతురు కాగితాలు సర్దుకుని లేచింది.

"అక్కడ నేనున్నాను నాన్నా. మీరే కూర్చోబెట్టారుగా."