యాభై మీదే

సముద్రం మీద ఎగిరే విమానాలకు రేడియోలో వేగం చెప్పే ఉద్యోగం చేసి, రిటైరై ఉదయగిరి వచ్చాడు మా మేనమామ. కారెక్కగానే "యాభై" అంటాడు. ఊరు దాటాక స్పీడు ముల్లు ఇక అక్కడి నుంచి కదలదు. వెనక లారీ హారన్ కొట్టినా అంతే, ముందు రోడ్డంతా ఖాళీగా ఉన్నా అంతే. మనిషి మంచివాడే గానీ ఆ కారెక్కాలంటే నాకు ఒళ్లుమంట.

పోయిన ఎండాకాలం అమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. అమ్మ ఆయనకు తోడబుట్టిన అక్క. ఆత్మకూరు ఆసుపత్రికి ఆ కారులోనే బయలుదేరాం. అప్పుడూ యాభయ్యే.

"తొక్కు మామా. అమ్మకు చెమటలు పడతా ఉండాయి," అన్నాను.

"సముద్రం మీద రాడారుకు ఏదీ కనపడదురా. ముందు పోయేవాడికి ఒక వేగం చెప్తాం, వెనకొచ్చేవాడికి ఒకటి. అడక్కుండా మార్చినాడంటే ఇంకోడి పాణం మీదికొస్తాది."

"ఇది రోడ్డు గదా మామా. మన వెనక ఎవురుండారు?"

ఆయన మాటిమాటికీ అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు.

అమ్మను లోపలికి తీసుకుపోతుంటే నాయన బైకు వచ్చి ఆగింది. చూపు సరిగా ఆనని మనిషి, పొలం దగ్గర మమ్మల్ని చూసి, మా కారునే గురిగా పెట్టుకుని అంత దూరమూ వచ్చాడట.

అమ్మ బతికింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే గుండె ఇంత దెబ్బతినేది కాదన్నాడు డాక్టరు.

అద్దంలో నాయన కనపడ్డాడా అని మామను అడిగితే, "యాభై అని ముందే చెప్పినాను గదరా," అంటాడు. ఆ రోజు ఆయన అమ్మను తీసుకుపోయాడో, నాయనను తీసుకొచ్చాడో నాకిప్పటికీ తెలియదు.