కడగని సీసా

“పిల్లోడికేమవుతుందోనన్న భయం తర్వాత సంగతి. ముందు ఆ సీసా ఎవరన్నా కడిగేస్తారేమోనని నా భయం!”

స్కూటీ వెనక కూర్చున్న జయమణి ఫోను చెవికి అదుముకుని అరుస్తోంది. బండి నడుపుతున్న సంయుక్త ఆసుపత్రి వైపు మళ్లించింది. సంయుక్త నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పురుగుమందుల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని జయమణిని పిలిపించింది ఆమే. మాటలు మొదలవకముందే ఫోను మోగింది. మునేటి ఒడ్డున మిరపతోటల్లో కూలికెళ్లే ఎస్తేరు చేసింది. ఆమె కొడుకు బెన్ని, రెండేళ్లవాడు, కూల్‌డ్రింకనుకుని పురుగుమందు తాగాడు.

“ఏడుపాపి వినవే ఎస్తేరూ. పిల్లోడి ఒళ్లు కడుగు. చొక్కా తీసి కవర్లో వెయ్. ఉప్పునీళ్లు పట్టకు. సీసా మాత్రం కడగొద్దు, నేల తుడవొద్దు. అట్టాగే తలుపేసి ఆటో ఎక్కు.”

సంయుక్తకు ఇంట్లో ఉన్న తన కొడుకు యశస్వి గుర్తొచ్చాడు. వాడికీ రెండేళ్లే.

ఈ మాటలు జయమణికి ఎవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్ల కింద ఆమె, భర్త కృపారావు పెనుగంచిప్రోలులో తిరుపతిరావు అనే రైతు తోటలో మందు కొట్టేవాళ్లు. ఒక సాయంత్రం డబ్బాలో మిగిలిన మందును “మీ కౌలు పొలం చెక్కకు కొట్టుకోండి” అని ఆయన కూల్‌డ్రింకు సీసాలో పోసిచ్చాడు. మంచికే ఇచ్చాడు. మర్నాడు వాళ్ల మూడేళ్ల కూతురు రూతు దాన్ని తాగేసింది.

జయమణి చూసేసరికి నోటి వెంట నురగ. మురికిగా వెళ్తే ఆసుపత్రిలో కసురుకుంటారని ఆమెకు తెలుసు, కాన్పుకు వెళ్లినప్పుడు పడింది ఆ మాటలు. అందుకని బిడ్డకు తలారా స్నానం చేయించింది. క్రిస్మస్ గౌను తొడిగింది. వాంతి ఎత్తిపోసి నేలంతా కడిగింది. సీసా కూడా కడిగి బోర్లించింది. వీటికే అరగంట పోయింది.

“ఏం మందు?” అనడిగాడు డాక్టరు.

“పురుగుమందండి.”

“అందులో ఏది?”

ఆమెకు తెలియదు. ఎవరో తిరుపతిరావుకు ఫోన్ చేస్తే “నేనెవరికీ ఏమీ ఇవ్వలేదే” అన్నాడు. పొద్దు గూకకముందే రూతు పోయింది.

ముందురోజు మొగుడూ పెళ్లాం పోట్లాడుకోవడం పేటంతా విన్నది. పోలీసులకు ఆ ఒక్క ముక్క చాలింది. సీసా కడిగింది, నేల కడిగింది, చావబోయే బిడ్డకు పండగ గౌను తొడిగింది, ఆనవాళ్లు చెరిపేసింది అని రాసుకున్నారు. ఆమెకు రెండు నెలలు జైలు, మూడేళ్లు కోర్టు. చివరికి సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. “కొట్టేసింది నేను చంపలేదని కాదు మేడమ్, సాక్ష్యం చాలదని” అంటుంది జయమణి.

తర్వాత ఆమె తోటల వెంట తిరగడం మొదలుపెట్టింది. కనబడిన ప్రతి మందు డబ్బానూ ఫొటో తీసుకునేది. మిగిలిన మందు సీసాల్లో తెచ్చుకోవద్దని ఆడకూలీల వెంటపడేది. జగ్గయ్యపేటలో మందుల కొట్ల ముందు నిలబడి, కొనుక్కుని వెళ్లే రైతులకు ఇదే చెప్పేది. “వచ్చిందమ్మా సీసాల జయమణి, కొంగుల్లో దాచుకోండే!” అని నవ్వినవాళ్లలో ఎస్తేరూ ఉంది. అయితే జయమణి ఫోన్ నంబరు మాత్రం దాచుకుంది.

స్కూటీ చేరేసరికి ఆసుపత్రి మెట్ల దగ్గర ఆటో ఆగింది. బెన్నిని లోపలికి తీసుకుపోయారు. ఎస్తేరు చేతిలో కవరు, కవర్లో పచ్చ రంగు కూల్‌డ్రింకు సీసా. దాని మీద మందు పేరు ఎక్కడుంటుంది?

“ఎవరిచ్చారే?”

“తిరుపతిరావుగారు.”

జయమణి ఆయన నంబరు నొక్కింది.

“అయ్యా, జయమణిని. ఎస్తేరుకిచ్చిన మందేంటండీ?”

“నేనెవరికీ...”

“అయ్యా! మీ పేరు నాకొద్దు. రూతు సంగతి కూడా అడగను. మందు పేరు చెప్పండి, చాలు.”

“నా పేరు బయటికి రాకూడదు.”

“నా నోట రాదు.”

నిమిషంలో డబ్బా ఫొటో వచ్చింది. లేబుల్ మీది పేరు చదవగానే సంయుక్తకు అదే జాతి రసాయనాల ఫార్ములా, తాను కిందటి నెలే బోర్డు మీద రాసినది, కళ్ల ముందు మెదిలింది. ఫోను పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

ఆసుపత్రివాళ్లు కబురు పెడితే గంట తర్వాత కానిస్టేబుల్ వచ్చాడు. ఎస్తేరును ఎగాదిగా చూసి, “ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా?” అన్నాడు.

జయమణి ఎస్తేరు పక్కకొచ్చి నిలబడింది.

“గొడవల్లేంది ఎవరింట్లో సార్?” అంది ఎస్తేరు. “ఇదిగో సీసా. కడగలా. ఇచ్చింది తిరుపతిరావుగారు. రాసుకోండి.”

జయమణి నోరు విప్పలేదు. మాటిచ్చింది కదా.

బెన్నిని బెజవాడ పెద్దాసుపత్రికి పంపారు. బతికాడు. కాళ్లు మాత్రం ఇంకా సరిగా నిలబడడం లేదు. జయమణి చూడటానికి వెళ్లలేదు. తోటల్లో పనుందంది.

బెన్నిని బెజవాడ పంపిన సాయంత్రం బస్టాండులో దిగబెట్టినప్పుడు ఆమె సంయుక్తను అడిగింది. “మీ బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దేంట్లో పోసుకుంటారు మేడమ్?”

ల్యాబ్‌లో చిటికెడు ఉప్పున్న సీసాకు కూడా పేరు రాసి అంటిస్తుంది సంయుక్త. సైకిలు మీద అమ్మడానికొచ్చినవాడి దగ్గర కొన్న యాసిడ్ మాత్రం, ఇంట్లో బకెట్టు వెనక కూల్‌డ్రింకు సీసాలోనే ఉంది.

“పేరు లేనిది ఇంట్లోకి రానీయొద్దు. దేంట్లో కొన్నది దాంట్లోనే ఉంచండి. జరగరానిది జరిగితే ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో సీసా. ఇల్లెట్టా ఉంటే మనకేంటి? ఎవరన్నా తిడితే తిట్టనీండి.”

పోయిన ఆదివారం యశస్వి భళ్లున కక్కుకున్నాడు. తుడిచే గుడ్డ మీదికి వెళ్లిన సంయుక్త చెయ్యి ఆగిపోయింది. వాడు తాగింది పాలేనని ఆమెకు తెలుసు. అయినా ఆసుపత్రిలో నర్సు నవ్వినా సరేనని, పిల్లవాణ్ణి ఒక చంకన వేసుకుని, కడగని పాలగ్లాసు సంచిలో పెట్టుకుని బయలుదేరింది.