ద్రౌపది గీసిన సగం బాణాలు

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో సుందరాబాయి ఇల్లు మా గోడకు ఆనుకొనే ఉండేది. ఇద్దరం బీడీలు చుట్టేవాళ్లం. వంట పని తీరాక ఆమె గడపలో ఇద్దరం చాటలు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే మళ్లీ పొద్దు వాలేదాకా లేచేది లేదు. ఆమె బిడ్డ ద్రౌపది మా వెనకాల, తలుపు రెక్క చాటున, పుస్తకం ముందేసుకొని కూర్చునేది. తెలుగు బడిలో మొదలుపెట్టి ఇంజనీరింగ్ దాకా చేరిన ఆడపిల్ల మా గల్లీలో అప్పటికి ఆమె ఒక్కతే. తర్వాత లాతూరు వైపు పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది, పెళ్లి చేసుకుంది, తల్లిని తన దగ్గరికే తీసుకెళ్లింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే మొదట అడిగేది "చిన్నమ్మా, ఏం చదువుతున్నవ్?" అనే. నాకు మాత్రం ఆమె పేరు తలవగానే గుర్తొచ్చేది తొంభైల మొదట్లో కాలేజీ ఆఖరి ఏడు చదువుతున్న పిల్ల. మా ఇంటాయన పేరు నిలబెట్టింది ఆ పిల్లే.

మా ఆయన యాదగిరి కుంఠా నాకా దగ్గర సిద్ధరాములు సేట్ కార్ఖానాలో పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసేవాడు. ఆ కార్ఖానాలో ఆయనది 'మంచి చెయ్యి'. ఏ మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించినా, మొదట దానిమీద చెయ్యి వేసి నడిపించడానికి ఆయననే పిలిచేవాళ్లు. ఆ చెయ్యి పడితే పడుగు అయిపోయేదాకా పోగు తెగదని నమ్మకం. కూలికంటే ఆ పిలుపంటేనే ఆయనకు ఎక్కువ ఇష్టం.

ఆ ఎండాకాలం సేట్ రెండు కొత్త మగ్గాలు తెచ్చాడు. వాటికి చోటు కావాలని మా ఆయన మగ్గాన్ని వెనక గోడ మూలకు జరిపారు. అప్పుడు మొదలైంది తంటా. అడ్డపోగును మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు చేరకముందే, పోగును బట్టలోకి దట్టించే పలక వచ్చి కొట్టేది. నడుమ చిక్కిన నాడె మీద వందల పోగులు ఒక్కసారిగా పుటుక్కున తెగేవి. వాటిని అతుక్కుంటూ కూర్చుంటే పూట గడిచిపోయేది. అతికి నడిపిస్తే మర్నాడు మళ్లీ అదే.

మగ్గాలు బాగుచేసే జాబర్ వచ్చి తోలు పట్టీలు మార్చాడు, బోల్టులు బిగించాడు, మగ్గంలో ఏమీ లేదన్నాడు. వైర్‌మన్ వచ్చి కరెంటు వస్తూనే ఉంది కదా అన్నాడు. నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టారు. ఇనుము బాగుంది, తీగ బాగుంది, దిష్టి తీశారు. ఇక మిగిలింది మనిషే.

"నీ చెయ్యి చెడింది యాదగిరీ," అన్నాడట సేట్. "రాఖీ పున్నం దాకా చూస్త. అటెన్క మగ్గం వేరేటోనికిస్త. ఏమనుకోకు."

పని పోతే ఇంకో కార్ఖానా దొరక్కపోదు. కానీ చెయ్యి చెడిందన్న మాట మనిషికంటే ముందు నడుస్తుంది. అశోక్ చౌక్ దాటేలోపే అందరికీ తెలిసిపోతుంది. ఆయన అన్నం ముందు కూర్చొని తన అరచేతుల్నే చూసుకునేవాడు.

ఈ సంగతి నేను సుందరాబాయితో చెప్పుకొని బాధపడుతుంటే వెనక నుంచి ద్రౌపది అంది, "చిన్నమ్మా, నాకు కాలేజీల ఆఖరి పనికి ఒక మిషన్ గావాలె. చిన్నాయన మగ్గం చూడనిస్తరా?"

"చూసి ఏం జేస్తవే?" అంది తల్లి.

"బొమ్మ గీస్త. బలం యాడికెల్లి యాడికి వోతుందో."

నాకు అర్థం కాలేదు. గల్లీ నల్లా చూపించి చెప్పింది. "నల్లాల నీళ్లకు జోరుంటది, ధార ఉంటది. జోరుండి ధార లేకుంటే బిందె నిండదు. ధారుండి జోరు లేకుంటే మిద్దెకెక్కదు. రెండు గలిస్తేనే పని. కరెంటుకు గట్లనే, మగ్గానికి గట్లనే. ఒకటి నెట్టుడు, ఒకటి ఉరుకుడు. అందుకని నీళ్లకైనా, కరెంటుకైనా, ఇనుముకైనా ఒక్కటే గుర్తు పెడ్తం. సగం బాణం."

"సగమేందే? మొత్తం గీయనీకి పెన్సిల్ సాల్లేదా?" అంది సుందరాబాయి.

"గది గంతే అమ్మా. బాణం కొసకు ఒక అడ్డగీత గూడ పెడ్తం. ఎంత నెట్టాల్నో ఒక దిక్కు చెప్తే, ఎంత ఉరకాల్నో ఇంకో దిక్కు చెప్తది. రెండు ఒక్కని చేతుల ఉండవు."

"గీ ముచ్చట మా అత్తకు ఎవరన్న చెప్పాలుండె," అంది సుందరాబాయి. నవ్వు ఆపుకోలేక నా చాటలో తంబాకు కింద పోసుకున్నాను.

ద్రౌపది కార్ఖానాకు వెళ్లింది. మోటరు నుంచి బెల్టు పట్టా, పట్టా నుంచి చక్రం, చక్రం నుంచి నాడెను కొట్టే కర్ర, అక్కడి నుంచి నాడె. ఒక్కొక్క కీలు దగ్గర నిలబడి అడిగింది, కొలిచింది, రాసుకుంది. నేతగాళ్లు "ఇంజనీరమ్మా, మా మగ్గానికి గూడ జాతకం రాయి" అని ఏడిపించారు. లెక్కలన్నీ కట్టాక ఒకరోజు మొహం వేలాడేసుకొని మా ఇంటికొచ్చింది.

"నా బొమ్మల నాడె చిక్కుతలేదు చిన్నాయనా. మంచిగ నడుస్తుంది."

"అయితే ఆ బొమ్మల మగ్గమే నాకియ్యి బిడ్డా," అన్నాడు మా ఆయన. "దాని మీదనే నేసుకుంట."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాగితం మా నేల మీదే పరిచి మళ్లీ మొదటి బాణం నుంచి చూసుకుంటూ వచ్చింది. అడ్డగీతల్ని వేలితో తాకుతూ, ఇక్కడ నెట్టేదెవరు, ఉరుకు చెప్పేదెవరు అని తనలో తనే అనుకుంటోంది. నేను రొట్టెలు చేసుకుంటున్నాను. ఉన్నట్టుండి వేలు మోటరు దగ్గర ఆగింది.

"చిన్నమ్మా, మోటర్ను దేవున్ని జేసిన."

"ఏందే?"

"ఎంత బరువు వడ్డా దాని వేగం తగ్గదని రాసిన. అసొంటి మోటరు యాడ ఉంటది? అదీ ఎవరో ఇస్తేనే తింటది గదా. బొమ్మ ఆడ ఆపొద్దుండె. తీగల్లకు పోవాల్నుండె."

జాబర్ ఇనుము చూశాడు, వైర్‌మన్ తీగ చూశాడు. ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోటును ఇద్దరూ వదిలేశారు. ద్రౌపది బొమ్మలో అలాంటి చోటు ఉండడానికి వీల్లేదు. తీగలో పోయే బలానికీ అదే సగం బాణం, నాడెలో పోయే బలానికీ అదే.

కాలేజీలో అడిగి మీటరు తెచ్చింది. ఆ పొద్దున నేను మా ఆయనకు రొట్టెలు ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. కార్ఖానా మొత్తానికీ వాకిట్లోని బోర్డు నుంచి ఒకటే పాత తీగ. సేట్ కొత్త మగ్గాల్ని కూడా దానికే తగిలించాడు. మా ఆయన మగ్గం తీగకు ఆఖరున ఉంది. కొత్త మగ్గాన్ని ఎవరైనా మొదలుపెట్టినప్పుడల్లా మూలన మీటరు ముల్లు కిందికి పడుతోంది. రెండోసారి పడ్డప్పుడు నాడె చిక్కింది.

"సేటూ, తీగ సన్నది," అంది ద్రౌపది.

"బల్బు వెలుగుతలేదా?" అన్నాడు సేట్.

"వెలుగుతది. కొత్త మగ్గం షురూ అయినప్పుడు జర గుడ్డిగైతది. మీరు చూసిందే గదా."

"బల్బు గుడ్డిదైతే నాడెకేంది? అది బల్బు వెలుగుల తొవ్వ చూస్కుంట వోతదా?"

అందరూ గొల్లున నవ్వారు. ద్రౌపది కూడా నవ్వి, సుద్దముక్క తీసుకొని నేల మీద వాకిట్లోని బోర్డు నుంచి నాడె దాకా గీసింది. తీగలో జోరు కొంచెం తగ్గితే మోటరు పట్టు చాలా తగ్గుతుందని, చక్రం మందగిస్తే కర్ర దెబ్బ మెత్తబడుతుందని, మెత్తటి దెబ్బ తిన్న నాడె ఆలస్యంగా పోతుందని వేలితో నడిపించి చూపింది. సేట్ నవ్వడం మానేసి, ధోతి ఎత్తిపట్టుకొని బొమ్మ చుట్టూ తిరిగాడు.

మా ఆయన కూడా వంగి చూశాడు. "గన్ని గీసినవ్. నేనేడున్న బిడ్డా?"

"నువ్వు లేవు చిన్నాయనా. బలం నీ దిక్కుకెల్లి వస్తలేదు."

తప్పు తనది కాదని తేలినందుకు ఆయన సంతోషపడాలి. కానీ మొహం చిన్నబోయింది. "పిల్లగానప్పటి సంది నిలవడ్డోన్ని. బొమ్మల్నే లేన?" అన్నాడు మెల్లగా.

ద్రౌపది ఆయన వైపు ఒక్క క్షణం చూసి మళ్లీ కూర్చుంది. బట్ట దగ్గర నుంచి ఒక నిండు బాణం గీసి, దాని కొసన ఒక చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి మగ్గం ఆపే హ్యాండిల్‌కు ఇంకో నిండు బాణం గీసింది. "ఇది నువ్వు. దీంట్ల బలం పోదు, ఖబర్ పోతది. పోగు తెగిందని నువ్వు చూస్తవు, మగ్గం ఆపుతవు. గిది లేకుంటే బట్టనే లేదు. గీయనిది నేను."

"మనిషిని మారిస్తే ఖర్చు లేదు, తీగకైతే ఖర్చుంది," అని గొణిగాడు సేట్.

"ఈయన్ని మారుస్తవ్, వచ్చినోన్ని గూడ మారుస్తవ్. నాడె చిక్కుడు మాత్రం మారదు సేటూ. ఒక్క దినం లావు తీగ గుంజి చూడుండ్రి."

మర్నాడు మూల మగ్గానికి బోర్డు నుంచి నేరుగా వేరే తీగ లాగారు. సేట్‌కు నమ్మకం కుదరక కొత్త మగ్గాల్ని తనే ఆపి, నడిపి, మళ్లీ ఆపి చూశాడు. చివరికి వాటి మీది నేతగాళ్లే "సేటూ, మా బట్ట ఖరాబు జేస్తున్నవ్!" అని మొత్తుకున్నారు. మూలన నాడె మాత్రం చిక్కలేదు. ఆ వారమంతా చిక్కలేదు.

సేట్ తప్పు ఒప్పుకునే మనిషి కాదు. పున్నం ముందురోజు కొత్త మగ్గాల్లో ఒకదానికి మళ్లీ పడుగు ఎక్కించి, పసుపు కుంకుమలు పెట్టి, అందరూ చుట్టూ నిలబడి ఉండగా వెనక్కి తిరిగి, "యాదగిరీ, రా. చెయ్యి వెయ్యి," అన్నాడట.

ఆ సాయంత్రం మా ఆయన ముందు మా ఇంటికి రాలేదు. నేను గోడకు ఇవతల పొయ్యి దగ్గర ఉండి, సుందరాబాయి గడపలో ఆయన చెప్పులు విడిచిన చప్పుడు విన్నాను.

"బిడ్డా, ఇయ్యాల చెయ్యి వేసిన."

"నడిచిందా చిన్నాయనా?"

"నడిచింది."

లోపల్నుంచి సుందరాబాయి అంది, "గట్ల నిలవడ్డరేంది ఇద్దరు? కూసోండ్రి, చాయ్ పెడ్త. ఓ బాలమణీ, నువ్వు గూడ రావే."

నేను పొయ్యి ఆర్పి వెళ్లాను.